భద్రతా నివేదికల నిల్వకు ఉచిత డేటాబేసు ఎడిషన్లు

ఉచిత డేటాబేసు ఎడిషన్ అనగా ఒక వాణిజ్య డేటాబేసు సాఫ్టువేరును దాని తయారీ సంస్థ కొన్ని పరిమితులు విధించి, రుసుము లేకుండా అందజేసే రూపం. మైక్రోసాఫ్ట్ వారి ఎస్.క్యూ.ఎల్. సర్వర్ ఎక్స్‌ప్రెస్ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. యాంటీవైరస్, ఫైర్‌వాల్ వంటి భద్రతా సాధనాలు తాము గమనించిన సంఘటనలను ఇటువంటి డేటాబేసులో నమోదు చేస్తాయి. ఆ నమోదుల నుండే నివేదికలు తయారవుతాయి. ఉచిత ఎడిషన్ ఈ పనికి చాలునా అన్నది ప్రధానంగా రెండు అంశాలపై ఆధారపడి ఉంటుంది. ఒకటి రోజుకు చేరే నమోదుల పరిమాణం, రెండవది వాటిని భద్రపరచవలసిన రోజుల సంఖ్య.

పరిమితులు

ఎక్స్‌ప్రెస్‌కు పూర్వరూపమైన ఎం.ఎస్.డి.ఇ. 2000లో ఒక్కొక్క డేటాబేసు 2 గిగాబైట్లకు మించరాదు. ఈ హద్దు 2005 ఎక్స్‌ప్రెస్‌లో 4, 2010లో వెలువడిన 2008 ఆర్2లో 10, 2025 వెర్షన్‌లో 50 గిగాబైట్లకు పెరిగింది. 2016 నుండి 2022 వరకు వచ్చిన వెర్షన్లలో హద్దు 10 గిగాబైట్లే. ఒరాకిల్ వారు 2018లో విడుదల చేసిన 18సి ఎక్స్‌ప్రెస్‌లో ఇది 12 గిగాబైట్లు.

ఎస్.క్యూ.ఎల్. సర్వర్ ఎక్స్‌ప్రెస్‌లో ఈ హద్దు డేటా ఫైళ్ళకు మాత్రమే వర్తిస్తుంది, లావాదేవీల లాగ్ ఫైలుకు వర్తించదు. అయితే ఇండెక్సులు కూడా డేటా ఫైళ్ళలోనే చేరతాయి కనుక వాటినీ లెక్కించవలెను. 2016 నుండి డేటా కొరకు వాడుకొనే మెమరీ 1410 మెగాబైట్లకు, ప్రాసెసర్ వినియోగం ఒక సాకెట్ లేదా నాలుగు కోర్లలో ఏది తక్కువైతే దానికి పరిమితం. అందువలన స్థలం మిగిలి ఉన్నా పెద్ద నివేదికలు ఆలస్యం కావచ్చు.

ఎన్ని రోజులు భద్రపరచాలి?

భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్, సమాచార సాంకేతిక చట్టం (2000) లోని 70బి సెక్షన్ క్రింద 2022 ఏప్రిల్ 28న ఆదేశాలు జారీ చేసింది. వాటి ప్రకారం అవి వర్తించే సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచవలెను. సైబర్ సంఘటనలను గుర్తించిన 6 గంటలలోగా తెలియజేయవలెను. కనుక వారం, నెల చొప్పున లెక్కవేసుకొని తృప్తి పడుటకు వీలులేదు.

లెక్క వేసే విధానం

తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలో ఐఐటి, ఐసర్ వంటి విద్యాసంస్థల ప్రాంగణాలు ఉన్నాయి. అటువంటి ఒక విద్యా ప్రాంగణాన్ని ఊహించుకుందాం. ఈ క్రింది అంకెలు ఏ సంస్థకూ చెందినవి కావు, కేవలం ఉదాహరణకు తీసుకొన్నవి.

ఇండెక్సులతో కలిపి ఒక్కొక్క నమోదు 500 బైట్లు అనుకుందాం. 10 గిగాబైట్లను 180 రోజులకు పంచితే రోజుకు సుమారు 57 మెగాబైట్లు, అనగా సుమారు 1,19,000 నమోదులు వస్తాయి. 200 కంప్యూటర్లు ఉంటే ఒక్కొక్క దానికి రోజుకు దాదాపు 600 నమోదులు. యాంటీవైరస్ నివేదికలకు ఇది సాధారణంగా సరిపోతుంది.

అదే ప్రాంగణంలో ఫైర్‌వాల్ ప్రతి కనెక్షన్‌నూ నమోదు చేస్తూ రోజుకు 10 లక్షల నమోదులు పంపితే, రోజుకు సుమారు 477 మెగాబైట్లు అవసరమవుతాయి. 10 గిగాబైట్లు 21 రోజులలో నిండిపోతాయి. 50 గిగాబైట్లు కూడా 107 రోజులకే సరిపోతాయి, 180 రోజులకు చాలవు.

హద్దు దాటితే ఏమవుతుంది?

హద్దు చేరినప్పుడు పాత నమోదులు వాటంతటవే తొలగిపోవు. డేటాబేసు 1827 లేదా 1105 సంఖ్య గల దోషసందేశం ఇచ్చి, కొత్త నమోదులను తిరస్కరిస్తుంది. దాడి జరిగే సమయంలో సంఘటనల సంఖ్య ఒక్కసారిగా పెరగవచ్చు కనుక, సాక్ష్యం అత్యవసరమైన రోజుననే నమోదు నిలిచిపోయే ప్రమాదం ఉంది. ఈ కారణంగా సగటు లెక్కలో హద్దు సగానికి మించకుండా చూసుకొనుట మంచిది.

నిర్వహణ

నిర్ణీత వేళలకు పనులు జరిపించే ఎస్.క్యూ.ఎల్. సర్వర్ ఏజెంట్ ఎక్స్‌ప్రెస్‌లో ఉండదు. బ్యాకప్, పాత నమోదుల తొలగింపు వంటి పనులను విండోస్ టాస్క్ షెడ్యూలర్ ద్వారా జరుపవలెను. నమోదులను తొలగించినంత మాత్రాన ఫైలు పరిమాణం తగ్గదు. ఖాళీ అయిన చోటు కొత్త నమోదులకు ఉపయోగపడుతుంది.

హద్దు ఒక్కొక్క డేటాబేసుకు విడివిడిగా వర్తిస్తుంది. కనుక భద్రతా సాఫ్టువేరు అనుమతిస్తే నెలకొక డేటాబేసు ఏర్పరచుకోవచ్చు. 2016 మొదటి సర్వీస్ ప్యాక్ నుండి డేటాను కుదించే సౌకర్యం ఎక్స్‌ప్రెస్‌లోనూ లభిస్తుంది.

ప్రత్యామ్నాయాలు

మూల లాగ్‌లను కుదించిన ఫైళ్ళుగా 180 రోజులు ఉంచి, నివేదికలకు కావలసిన సారాంశాన్ని మాత్రమే డేటాబేసులో చేర్చుట ఒక పద్ధతి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, మరియాడీబీ వంటి స్వేచ్ఛా సాఫ్టువేర్లలో లైసెన్సు వలన కలిగే పరిమాణ హద్దు లేదు. అయితే వాడుతున్న భద్రతా సాధనం వాటితో పనిచేయునో లేదో, వాటిని నిర్వహించగల వారు సంస్థలో ఉన్నారో లేదో ముందుగా తెలుసుకోవలెను.

ఏది ఎంచుకొన్నా, కనీసం రెండు వారాలు నమోదులను సేకరించి, డేటాబేసు రోజుకు ఎంత పెరిగిందో కొలిచిన తరువాతే నిర్ణయించుట ఉత్తమం. విద్యాసంస్థలలో సెలవు దినాలను కాక తరగతులు జరిగే దినాలను ఈ కొలతకు ఎంచుకోవలెను.