మూడో కాంటూరు వచ్చేసిందట!

ఎన్నికలు దగ్గరపడితే ఒకసారి, కోర్టులో వాయిదా పడితే ఒకసారి, చేపల రేటు పెరిగితే మరోసారి కొల్లేరు లంకల్లో ఒకటే మాట గుప్పుమంటుంది. మూడో కాంటూరు వచ్చేసిందట, అసెంబ్లీ తీర్మానం ఉందట, ఇక ఫారెస్టు వాళ్లు ఏమీ చేయలేరట. కాంటూరంటే సముద్రమట్టం నుంచి నేల ఎత్తును చూపే గీత; కొల్లేరు అభయారణ్యం హద్దును ఐదో గీత నుంచి మూడోదానికి కుదించేశారన్నది ఈ మాటకు అర్థం. ఇదివరకు ఈ మాట కైకలూరు టీ కొట్లలో పుట్టి రెండు రోజుల్లో అక్కడే చల్లారేది. ఇప్పుడు వాట్సాప్‌లో వాయిస్ మెసేజీగా తిరుగుతోంది. ఆ గొంతు ఎవరిదో తెలియదు గానీ, చెప్పే తీరు చూస్తే సాక్షాత్తు స్పీకరు గారే ఫోన్ చేసి చెప్పినంత ధీమా.

ఊరికే తిరిగితే తిరగనివ్వొచ్చు. దీన్ని నమ్మి జనం డబ్బు కడుతున్నారు, అదీ గొడవ. మూడో కాంటూరుకూ ఐదో కాంటూరుకూ మధ్యనున్న చెరువులకు కౌలు అడ్వాన్సులు చేతులు మారుతున్నాయి. అలాంటి కౌలు కాగితం ఒకటి చూశాను. వంద రూపాయల స్టాంపు పేపరు. ఎకరాలెన్నో ఉంది, ఏడాదికెంతో ఉంది, పట్టుబడి అయ్యాక మిగతా సొమ్ము ఎన్ని రోజుల్లో కట్టాలో ఉంది. సర్వే నంబరు మాత్రం లేదు. తూర్పున ఫలానా వారి గట్టు, పడమర బోదె, ఉత్తరాన డొంక అని హద్దులు రాసి సరిపెట్టారు. చిట్టచివర ఇంకో షరతు: ఫారెస్టు వాళ్లో కోర్టో అడ్డొస్తే ఇచ్చిన డబ్బుకు యజమాని పూచీ లేదట. మూడో కాంటూరు నిజంగానే వచ్చేసి ఉంటే ఆ షరతుతో పనేముందని కౌలుదారు అడగలేదు. చేపలు పెంచడంలో ఎన్నో ఏళ్ల అనుభవమున్న మనిషి, కాగితం దగ్గరికొచ్చేసరికి కళ్లు మూసుకుని సంతకం పెట్టాడు.

ఇక అసలు విషయం. 2008లో రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసిన మాట నిజం. కొల్లేరు అభయారణ్యాన్ని ఐదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకు కుదించాలని సభ ఏకగ్రీవంగా కోరింది. కోరింది, అంతే. 1999 అక్టోబరులో 120 నంబరు జీవోతో ఖరారైన హద్దు, అంటే ఐదో కాంటూరు దాకా ఉన్న 308 చదరపు కిలోమీటర్లు, ఆ తీర్మానంతో అంగుళం కూడా కదల్లేదు.

మరి అంతమంది ఎందుకు నమ్ముతున్నారు? ఈ వదంతి గాల్లోంచి ఊడిపడింది కాదు, ఒకప్పుడు అదే చట్టం. 1991లో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 26ఏ సెక్షన్ చేర్చినప్పుడు, అభయారణ్యం హద్దులు మార్చాలంటే రాష్ట్ర శాసనసభ తీర్మానం ఉండాలనే రాశారు. ఆ రోజుల్లో ఈ విషయం చదివిన వకీలో, విన్న నాయకుడో ఊళ్లో చెప్పి ఉంటాడు, అది అలాగే నాటుకుపోయింది. అయితే ఆ వాక్యం ఇప్పుడు చట్టంలో లేదు. 2002 సవరణలో దాన్ని తీసేశారు. 2003 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు చేస్తే తప్ప రాష్ట్ర ప్రభుత్వం అభయారణ్యం హద్దు జోలికి వెళ్లకూడదు. అంతకుముందే, 2000 నవంబరులో, తన అనుమతి లేకుండా ఏ అభయారణ్యానికీ ఆ హోదా తొలగించవద్దని సుప్రీంకోర్టు ఆదేశించింది. మన సభ చేతులెత్తేనాటికి ఆ అధికారం చేజారిపోయి ఐదేళ్లు దాటింది. సభలో కూర్చున్నవాళ్లకు ఈ సంగతి తెలియదని నేననుకోను. తెలుసు కాబట్టే తీర్మానాన్ని ఢిల్లీకి పంపారు. ఢిల్లీకి పంపారన్న సంగతిని మాత్రం ఊళ్లో చెప్పడం మరిచారు.

ఢిల్లీలో ఏమైందో కూడా రహస్యం కాదు. కోయంబత్తూరులోని సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రానికి చెందిన పి.ఎ. అజీజ్ నాయకత్వంలో కేంద్రం ఒక కమిటీ వేసింది. కమిటీ 2011లో నివేదిక ఇచ్చింది, హద్దు ఐదో కాంటూరు దగ్గరే ఉండాలంది. మూడో కాంటూరుకు దించితే అభయారణ్యంగా మిగిలేది సుమారు 135 చదరపు కిలోమీటర్లు, సగం కూడా కాదు. వాయిస్ మెసేజీలో 2008 ఉంటుంది, 2011 ఉండదు.

ఇక్కడ ఒక పెద్దమనిషి ప్రశ్న ఎప్పుడూ ఎదురవుతుంది: ప్రజలెన్నుకున్న అసెంబ్లీ కంటే పైవాడెవడండీ? ప్రశ్న బాగుంది. జవాబు ఇంకా బాగుంటుంది. 1972లో వన్యప్రాణుల రక్షణ రాష్ట్రాల పరిధిలో ఉండేది. పార్లమెంటు తనంతట తాను చట్టం చేయడానికి వీల్లేదు. పదకొండు రాష్ట్రాల శాసనసభలు మీరే చేయండని తీర్మానాలు చేసి అప్పగిస్తే, రాజ్యాంగం 252వ అధికరణం కింద పార్లమెంటు ఆ చట్టం చేసింది. ఆ పదకొండింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అదే అధికరణంలో ఇంకో మాట కూడా ఉంది: అలా అప్పగించి చేయించుకున్న చట్టాన్ని రాష్ట్ర శాసనసభ తర్వాత మార్చలేదు. 1976లో 42వ సవరణతో ఈ అంశం ఉమ్మడి జాబితాలోకి చేరింది, అక్కడ కూడా సాధారణంగా కేంద్ర చట్టానిదే పైచేయి. కాబట్టి అసెంబ్లీ తీర్మానానికి విలువ లేదని ఎవరూ అనడం లేదు. ఆ విలువను మనవాళ్లు 1972లోనే ఖర్చు పెట్టేశారు.

ఇలాంటి ధీమా ఖరీదు ఎంతో ఆ తీర్మానానికి ముందే, 2006లో చూశాం. ఆపరేషన్ కొల్లేరు పేరుతో ప్రభుత్వం చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు అడ్వాన్సు పుచ్చుకున్నవాడికి పోయిందేమీ లేదు. సీడు వేసి, తవుడూ చెక్కా అప్పు మీద తెచ్చి మేత కట్టినవాడి శీలావతీ బొచ్చే గండి నీళ్లతో పాటు పోయాయి. ఆ తర్వాత గట్లు మళ్లీ లేచాయి. 2025లో సుప్రీంకోర్టులో ధిక్కార పిటిషన్ నడుస్తుండగా ప్రొక్లెయిన్లు మళ్లీ గట్ల మీదికొచ్చాయి. ఇంత జరిగాక కూడా "మన దాకా రాదులే" అనేవాడికి చెప్పగలిగింది తక్కువ.

చెరువుల సమర్థకులు ఇంకో వాదన చేస్తుంటారు. చెరువులు నీళ్లు పట్టి ఉంచుతాయి కాబట్టి వరద తగ్గుతుందట. ఇది విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. చేపల చెరువు ఖాళీగా ఉండదు. వానాకాలం నాటికి అది గట్టు దాకా నిండే ఉంటుంది, అందులో ఇంకో చుక్కకు చోటు లేదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇవి కాక ఎన్నో మురుగు కాలువలు వచ్చి పడేది ఈ పళ్లెంలోకే. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. మధ్యలో గట్లు అడ్డం వేస్తే వచ్చిన నీరు ఉప్పుటేరు వైపు నడవడం మానేసి పక్కలకు పాకుతుంది, లంక ఊళ్లలోకి దూరుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన తర్వాత ఆ నీరు ఎక్కడికి వచ్చిందో ఏలూరు–కైకలూరు రోడ్డు మీద ఆగిపోయిన బస్సుల వాళ్లను అడగండి. వరదకు చెరువులొక్కటే కారణం కాదు, ఉప్పుటేరు పూడికా ఉంది, ఆక్రమణలూ ఉన్నాయి. అయినా చెరువులు వరదను ఆపుతాయనడం మాత్రం వినేవాళ్లను వెర్రివాళ్లను చేయడమే.

ఒక్కదాంట్లో మాత్రం లంకల వాళ్ల మాట కాదనలేను. ప్రభుత్వమే తవ్వించి, ప్రభుత్వమే పగలగొడుతోందంటారు. అది అబద్ధం కాదు. 1970లలో, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, మత్స్యకారుల సొసైటీలు పెట్టించి సరస్సు భూమిలో చెరువులకు చోటిచ్చింది సర్కారే. డి–ఫారం పట్టాలిచ్చిందీ సర్కారే. ఐదో కాంటూరు లోపల 14 వేల ఎకరాలకు పైగా జిరాయితీ, అంటే సొంత పట్టా భూమి కూడా ఉంది. దాని యజమానులు తాతల నాటి నుంచి హక్కు కాగితాలున్న రైతులు. అభయారణ్యం ప్రకటించేటప్పుడు ఎవరి హక్కులేమిటో కలెక్టరు విచారించి తేల్చాలని, భూమి తీసుకుంటే పరిహారం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. ఆ పని సవ్యంగా ముగించి ఉంటే ఈ వదంతికి సగం గిరాకీ ఉండేది కాదు. అటు పంట వేసుకోనివ్వక, ఇటు పరిహారం ఇవ్వక ఇన్నేళ్లు నానబెట్టడం అన్యాయమే. దీన్ని ఒప్పుకోవడానికి నాకు కొంచెం కష్టంగా ఉంది, ఎందుకంటే ఈ రైతుల గోడును ముందు పెట్టుకునే, సర్కారు భూమిలో వందల ఎకరాల గట్లు వేసినవాళ్లు కూడా కబుర్లు చెబుతున్నారు. మత్స్యకారులైన వడ్డి కులస్థుల కోసమని పెట్టిన సొసైటీ చెరువుల్లో చాలాచోట్ల మేత వేస్తున్నది, పట్టుబడి డబ్బు లెక్కపెట్టుకుంటున్నది ఆ వడ్డివాళ్లు కాదు.

మిగతా అపోహలకు ఇంత చోటు దండగ. అభయారణ్యం అంటే ఊళ్లు ఖాళీ చేయించడమట. కాదు, మావులతో, వలలతో పూర్వం నుంచి చేసుకుంటున్న చేపల వేటకు జీవోలోనే వీలుంది. 2002లో రాంసార్ గుర్తింపు వచ్చింది కాబట్టి సరస్సు విదేశీయుల చేతికి పోయిందట. దీనికి జవాబు చెప్పను. కొల్లేట్లో పక్షులే లేవట. చలికాలం పొద్దున్నే ఆటపాక వెళ్లండి. ఫారెస్టు వాళ్లు నీళ్లలో పాతిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు పుల్లలు పేర్చుకుని, పిల్లలతో ఇరుకిరుగ్గా కూర్చుని ఉంటాయి. చెట్లు చాలక ఇనుప స్టాండ్లు పెట్టాల్సి వచ్చిందన్నది వేరే కథ.

షికారుకు వచ్చేవాళ్లకు కూడా ఒక భ్రమ ఉంది. బోటు టికెట్ కొన్నాం కాబట్టి గూళ్ల దగ్గరికి పోనివ్వాలని బోటు నడిపేవాణ్ణి సతాయిస్తారు, ఫొటో కోసం చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపుతారు. చట్టంలో వేట అంటే తుపాకీ పేల్చడమొక్కటే కాదు. గుడ్లనూ గూళ్లనూ చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తుంది. మీ సెల్ఫీకి అంత సీనవసరమా?

చెరువు కౌలుకు తీసుకోవాలనుకునేవాళ్లు అడ్వాన్సు ఇచ్చేముందు సర్వే నంబరు అడగండి. చెప్పకపోతే లేచి వచ్చేయండి. చెబితే ఆ నంబరు పట్టుకుని తహసీల్దారు ఆఫీసుకీ, వన్యప్రాణి విభాగం ఆఫీసుకీ వెళ్లి అది ఐదో కాంటూరు లోపలుందా బయటుందా కనుక్కోండి. లోపలుంటే, స్టాంపు పేపరు మీద రాసుకున్నా, సాక్షులు సంతకాలు పెట్టినా ఒరిగేది లేదు. చట్టం వద్దన్న పనికి రాసుకున్న ఒప్పందం చెల్లదు, ఇచ్చిన డబ్బు కోసం కోర్టు మెట్లెక్కినా మొదట ఎదురయ్యే ప్రశ్న అదే. మూడో కాంటూరు వచ్చేసిందని ఎవరైనా చెబితే రెండు కాగితాలు చూపించమనండి: జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు ఒకటి, హద్దు మారుస్తూ ఇచ్చిన కొత్త నోటిఫికేషను ఒకటి. 2008 తీర్మానం కాపీ తెచ్చి చూపిస్తే టీ తాగించి పంపేయండి.

జిరాయితీ రైతులు మాత్రం కుదింపు కోసం ఎదురుచూడటం మాని తమ దారి తాము చూసుకోవడం మేలు. పాసుపుస్తకం, అడంగల్, శిస్తు రసీదులు, పాత దస్తావేజులు ఒకచోట పెట్టుకోండి. హక్కుల విచారణ ముగించి పరిహారం తేల్చమని కలెక్టరుకు రాతపూర్వకంగా అర్జీ పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఒక్కొక్కరు కాకుండా ఊరంతా కలిసి, సర్వే నంబర్ల పట్టిక జతచేసి పెడితే పక్కన పడేయడం అధికారులకు కష్టమవుతుంది. ఆ పట్టికలో సర్కారు భూమి నంబరు ఒక్కటి కూడా దూరకుండా చూసుకోండి. దూరిందా, అర్జీ మొత్తాన్నీ దాని పేరుతోనే తిప్పి పంపుతారు.