నవాబు కొండమేడ.. నేడు విందుల వేదిక

ఫలక్‌నుమా ప్రస్థానంలో గడీలకు పాఠాలు

కొత్తగూడ: పల్లెల్లో శిథిలమవుతున్న గడీల ప్రస్తావన రాగానే రెండు వాదాలు వినిపిస్తాయి. దోపిడీకి గుర్తులైన ఆ గోడలను కూల్చివేయాలన్నది ఒకటి. చరిత్రకు ఆనవాళ్లుగా కాపాడాలన్నది మరొకటి. కాపాడేందుకు అయ్యే ఖర్చును ఎవరు భరించాలన్న చోటే చర్చ ఆగిపోతుంది. ఒక ప్రభువంశం కట్టుకున్న విడిది భవనం నేటికీ చెక్కుచెదరకుండా ఎలా నిలిచిందో హైదరాబాద్‌లోని ఫలక్‌నుమా ప్యాలెస్ చరిత్ర చెబుతుంది.

అప్పుల పాలైన నవాబు

చార్మినార్‌కు దక్షిణాన సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, నగరానికి వెలుపల ఉన్న గుట్టపై 1884 మార్చి 3న ఈ భవనానికి పునాదిరాయి పడింది. నిర్మించినది 'పైగా' ప్రభువంశానికి చెందిన నవాబ్ వికారుల్ ఉమ్రా. ఆయన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు బావ. తర్వాతి కాలంలో హైదరాబాద్ సంస్థాన ప్రధానమంత్రి అయ్యారు. తేలు ఆకారంలో ఉన్న ఈ భవన నిర్మాణానికి దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది. ఇటలీ పాలరాయి, విదేశీ దీపాల గుచ్ఛాలు తెప్పించారు. 101 మంది ఒకేసారి కూర్చుని భుజించే బల్లను ఏర్పాటు చేశారు. జాగీర్ల ఆదాయం ఎంతున్నా ఈ ఖర్చుకు చాలలేదు. నవాబు అప్పుల్లో కూరుకుపోగా, 1897 ప్రాంతంలో భవనం నిజాం పరమైంది.

అతిథి గృహం నుంచి హోటల్ వరకు

నిజాం దీనిని రాజ అతిథుల విడిదిగా మార్చారు. 1911లో ఆరో నిజాం మరణానంతరం భవనం వాడకం తగ్గుతూ వచ్చింది. 1951లో నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ఇక్కడ బస చేశారు. ఆ తర్వాత తలుపులు మూతపడి దశాబ్దాల పాటు బూజు పట్టింది. 2000లో తాజ్ హోటళ్ల సంస్థ లీజుకు తీసుకుంది. నిజాం కుటుంబానికి చెందిన ఎస్రా పర్యవేక్షణలో పదేళ్లు మరమ్మతులు సాగాయి. 2010 నవంబరులో 60 గదుల హోటల్‌గా తెరుచుకుంది. 2014లో సినీనటుడు సల్మాన్‌ఖాన్ సోదరి వివాహం, 2017 నవంబరు 28న ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు సందర్భంగా ప్రధాని ఇచ్చిన విందు ఇక్కడే జరిగాయి. ఒకనాడు నవాబును ముంచిన వైభవమే నేడు భవనాన్ని పోషిస్తోంది.

మన గడీల మాటేమిటి?

ప్రతి గడీ ఫలక్‌నుమా కాలేదు. నగరానికి దూరంగా ఉన్న పల్లెలో అంతటి ఖరీదైన విందులకు వచ్చేవారు ఉండరు. అయినా మార్గం లేకపోలేదు. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను సంస్థానాధీశుల వారసులైన కామినేని కుటుంబం పునరుద్ధరించింది. దానికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించింది. యాజమాన్యంపై స్పష్టత, నిత్య వినియోగం, వచ్చిన ఆదాయంలో కొంత మరమ్మతులకు కేటాయించడం.. ఈ మూడూ కుదిరితేనే పాత కట్టడం నిలుస్తుంది.

అయితే మన ప్రాంతంలో గడీ అంటే కేవలం సున్నపు గోడలు కావు. వెట్టిచాకిరీ జ్ఞాపకం. జనగామ ప్రాంతంలోని విసునూరు దేశ్‌ముఖ్ ఆగడాలపై తిరగబడిన కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగారు. ఆ నెత్తురు సాయుధ పోరాటానికి నిప్పురవ్వ అయింది. 1949లో జాగీర్ల రద్దుతో జాగీర్దారీ వ్యవస్థకు తెరపడింది.

అందుకే గడీలో రేపు పెళ్లి పందిరి వేసినా, గ్రంథాలయం పెట్టినా, ఎవరి చెమటతో ఆ గోడలు లేచాయో తెలిపే ఫలకం ముఖద్వారం వద్ద ఉండాలి. ఒకప్పుడు చెప్పులు చేతపట్టుకుని గడీ ముందు నుంచి నడిచిన వారి మనుమలు నేడు తలెత్తుకుని లోపలికి వెళ్లగలగాలి. అప్పుడే ఆ కట్టడం ఊరి ఆస్తి అనిపించుకుంటుంది.