పాత ఫాంట్లలోని తెలుగు సిద్ధాంత గ్రంథాలు: వర్చువల్ మెషీన్ ద్వారా పునరుద్ధరణ

వ్యాససంగ్రహం:
యూనికోడ్ వాడుకలోకి రాకముందు పేజ్‌మేకర్‌లో కూర్చిన తెలుగు సిద్ధాంత గ్రంథాల ఫైళ్లు నేటి కంప్యూటర్లలో తెరుచుకోవడం లేదు, తెరుచుకున్నా చదవడానికి వీలుకావడం లేదు. విండోస్ ఎక్స్‌పీని వర్చువల్ మెషీన్‌లో స్థాపించి ఈ ఫైళ్లను తెరిచే పద్ధతిని, అందులో ఎదురయ్యే సమస్యలను, యూనికోడ్‌లోకి మార్చిన పాఠాన్ని ఛందస్సు ఆధారంగా పరిశీలించే విధానాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వర్చువల్ మెషీన్, పేజ్‌మేకర్, యూనికోడ్, పాఠపరిష్కరణ, ఛందస్సు.

1. ఉపోద్ఘాతం:
సిద్ధాంత గ్రంథాల అనుబంధాలలో జానపద గేయాలు, శాసన పాఠాలు, మాండలిక పదపట్టికలు ఉంటాయి. క్షేత్రపర్యటనలో సేకరించిన ఈ సామగ్రికి కొన్ని సందర్భాలలో ఆ గ్రంథమే ఏకైక ఆధారం. పాడినవారు నేడు లేకపోవచ్చు, టేపులు చెడిపోయి ఉండవచ్చు. అచ్చుప్రతి గ్రంథాలయంలో ఉన్నా, అందులో ఒక పదాన్ని వెదకాలంటే పుటలన్నీ తిరగేయవలసిందే. స్కాన్ చేసిన ప్రతి కూడా బొమ్మ మాత్రమే. కాబట్టి మూల ఫైలును తెరవగలగడం పరిశోధకునికి అవసరం.

2. సమస్య స్వరూపం:
యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు గల ప్రత్యేక విభాగం 1991 నుంచే ఉంది. విండోస్‌లో మాత్రం తెలుగు లిపికి తోడ్పాటు 2001లో వచ్చిన ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో మొదలైంది. అచ్చురంగం అంతకుముందే అను వంటి ఫాంట్లకు అలవాటుపడింది. ఈ ఫాంట్లు ఆంగ్లాక్షరాల స్థానాలలో తెలుగు లిపి ముక్కలను అమర్చుకున్నాయి. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు వేర్వేరు ముక్కలుగా ఉంటాయి. యూనికోడ్ ఉచ్చారణ క్రమాన్ని అనుసరిస్తుంది. ‘స్త్రీ’ అన్నప్పుడు స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అనే 6 సంకేతాలు అదే వరుసలో నిలుస్తాయి. పాత ఫాంట్లు కంటికి కనిపించే క్రమాన్ని అనుసరిస్తాయి. అందువల్ల ఫాంటు లేనిచోట తెలుగు పుట అర్థంలేని ఆంగ్లాక్షరాల గుంపుగా మారుతుంది.

దీనికి మరో చిక్కు తోడవుతుంది. 64-బిట్ విండోస్‌లో 16-బిట్ ప్రోగ్రాములు పనిచేయవు. పాత సాఫ్ట్‌వేర్లలో కొన్నింటి ఇన్‌స్టాలర్లు ఆ కోవకు చెందినవే. పాత కీబోర్డు డ్రైవర్లు కూడా నేటి విండోస్‌తో పొసగవు. పాత వాతావరణాన్నే కొత్త కంప్యూటరులో కల్పించడం వీటికి పరిష్కారం.

3. వర్చువల్ మెషీన్ అమరిక:
వర్చువల్‌బాక్స్ వంటి సాఫ్ట్‌వేర్ ఒక కంప్యూటరులోనే మరో కంప్యూటరును సృష్టిస్తుంది. 32-బిట్ ఎక్స్‌పీకి 512 ఎంబీ నుంచి 1 జీబీ మెమరీ, 10 జీబీ డిస్కు సరిపోతాయి. ఎక్స్‌పీకీ, పేజ్‌మేకర్‌కూ, ఫాంట్లకూ చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి. స్థాపనలో సాధారణంగా ఎదురయ్యే సమస్యలు ఇవి.

3.1. మెషీన్ ప్రారంభం కాకపోవడం: ప్రాసెసరులోని వర్చువలైజేషన్ సౌకర్యం బయాస్‌లో నిలిపివేసి ఉండవచ్చు. ఇంటెల్‌లో వీటీ-ఎక్స్, ఏఎండీలో ఏఎండీ-వీ అనే పేర్లతో ఉండే దానిని అనుమతించాలి. మెషీన్ అతి నెమ్మదిగా నడుస్తూ కిటికీ అడుగున తాబేలు గుర్తు కనిపిస్తే, విండోస్‌లోని హైపర్-వీ ఆ సౌకర్యాన్ని ముందే తన అధీనంలో ఉంచుకుందని అర్థం. భద్రతకు సంబంధించిన అమరికలు కూడా దానిపై ఆధారపడతాయి కనుక కళాశాల కంప్యూటర్లలో నిర్వాహకుని అనుమతి లేకుండా దానిని తొలగించరాదు.

3.2. స్థాపన మధ్యలో నీలితెర: ఎక్స్‌పీ స్థాపన డిస్కులో సాటా డ్రైవర్లు ఉండవు. డిస్కు కంట్రోలరును ఐడీఈకి మారిస్తే ఈ సమస్య తీరుతుంది.

3.3. భద్రత: ఎక్స్‌పీకి భద్రతా నవీకరణలు 2014 ఏప్రిల్ 8తో ముగిశాయి. కాబట్టి ఈ మెషీన్‌కు ఇంటర్నెట్ అనుసంధానం తొలగించాలి. ఫైళ్లను ఐఎస్ఓ రూపంలో చేర్చి, సీడీ వలె లోపల తెరవవచ్చు. ఫాంట్లు, పేజ్‌మేకర్ స్థాపించిన వెంటనే ఒక స్నాప్‌షాట్ తీసి ఉంచితే, తరువాత ఏది చెడినా ఆ స్థితికి తిరిగి రావచ్చు.

4. ఫైలు తెరవడం, పాఠం వెలికితీత:
పేజ్‌మేకర్ 7 తన ఫైళ్లతోపాటు 6.5 ఫైళ్లను కూడా తెరుస్తుంది. ఫాంటు దొరకనప్పుడు దానికి బదులు వేరొకదానిని సూచిస్తుంది. ఆ స్థితిలో ఫైలును భద్రపరచకూడదు. ఫాంటును స్థాపించి మళ్లీ తెరవాలి. ఎల్లప్పుడూ నకలు మీదనే పనిచేయాలి.

పాఠాన్ని సాదా టెక్స్ట్‌గా కాక ఆర్‌టీఎఫ్ రూపంలో తీయడం మేలు. సాదా టెక్స్ట్‌లో ఫాంటు పేరు పోతుంది. అప్పుడు గ్రంథంలోని నిజమైన ఆంగ్లపదాలను కూడా మార్పిడి సాధనం తెలుగుగా భావించి మార్చివేస్తుంది. పుటల రూపం కోసం పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటరు డ్రైవరు స్థాపించి, ఫైలులోకి ముద్రించి, దానిని పీడీఎఫ్‌గా మార్చుకోవచ్చు. మార్చిన పాఠాన్ని సరిచూడడానికి ఈ పీడీఎఫ్ ప్రమాణంగా ఉపయోగపడుతుంది.

5. మార్చిన పాఠ పరిశీలన:
మార్పిడిలో వత్తులు జారిపోవడం, సున్న స్థానంలో తెలుగు అంకె సున్న చేరడం వంటి దోషాలు ఏర్పడతాయి. రెండోది కంటికి తెలియదు, వెతుకులాటలో మాత్రం ఆ పదం దొరకదు.

పద్యభాగాలకు ఛందస్సే పరీక్షాసాధనం. ‘సత్యము’ భగణం. యావత్తు జారిపోతే ‘సతము’ అవుతుంది, అది నగణం. అక్షరాల సంఖ్య మూడే కనుక లెక్కపెడితే దోషం తెలియదు. వృత్తపద్యంలో గణవిభజన చేస్తే వెంటనే పట్టుబడుతుంది. అయితే ఈ పరీక్షకు రెండు పరిమితులున్నాయి. ‘సత్యము’ ‘సత్వము’గా మారితే గణం మారదు. ఆటవెలది, తేటగీతి వంటి ఉపజాతులలో ఒక గణానికి బదులు మరొకటి చెల్లుతుంది కనుక కొన్ని దోషాలు దాటిపోతాయి.

జానపద గేయాలకు, మాండలిక పాఠాలకు ఈ ఆధారం కూడా లేదు. అక్షరదోషాల సవరణ సాధనాన్ని వాడితే అది మాండలిక రూపాన్నే దోషంగా భావించి ప్రామాణిక రూపం సూచిస్తుంది. కాబట్టి ఈ భాగాలను పీడీఎఫ్‌తో మనిషే పంక్తి పంక్తికీ సరిచూడాలి.

6. ముగింపు:
• మూల ఫైలు, పీడీఎఫ్, యూనికోడ్ పాఠం అనే మూడింటినీ కలిపి భద్రపరచాలి. ఒకటి మరొకదానికి ప్రత్యామ్నాయం కాదు.
• వర్చువల్ మెషీన్ ఫైలును తెరవడానికి మాత్రమే తోడ్పడుతుంది. పాఠ ప్రామాణికతను నిర్ణయించేది భాషా సాహిత్యాల పరిజ్ఞానమే.
• సీడీలు కాలక్రమంలో చదవడానికి వీలులేకుండా పోతాయి. ఫైళ్లను ఇతర మాధ్యమాలలోకి నకలు చేయడం అన్నిటికంటే ముందు జరగవలసిన పని.
• తెలుగు శాఖలు ఇటువంటి మెషీన్‌ను ఒక్కటి సిద్ధం చేసుకుంటే, ఆ శాఖలోని పాత గ్రంథాలన్నిటికీ అదే ఉపయోగపడుతుంది.