నిలువయుంచి సాగనంపు వార్తాపద్ధతి

తపాలా సంచి నడక రైతు సోదరులకు తెలిసినదే. ఉత్తరము పెట్టెలో నిలుచును. బస్సు వచ్చువరకు తపాలా కచేరీలో వేచియుండును. దారి తెరచుకొనగనే తరువాతి మజిలీకి సాగును. వాగు పొంగి ఒక పూట ఆగినను ఉత్తరము నశింపదు. కంప్యూటర్లు ఒండొంటికి వార్తలు పంపుకొనుటకును ఇట్టి పద్ధతియే యొకటి కలదు. పాతబడినదని త్రోసివేయక దానిని కాపాడుకొనుట పల్లెలకు ఏల యవసరమో ఇచ్చట వివరింప దలచితిమి.

నేటి ఇంటర్నెట్టు పనులలో అనేకములకు రెండు కొసలును ఒకే క్షణమున కలిసియుండవలెను. నడుమ తీగె తెగినను, టవరునకు విద్యుచ్ఛక్తి లేకున్నను పని అంతటితో ఆగును. పాత పద్ధతి యట్లు కాదు. ప్రతి మజిలీయందును యంత్రము వార్తను తనయొద్ద నిలువయుంచుకొనును. దారి దొరకినప్పుడు ముందునకు పంపును. అది అందినదని తెలియువరకు తన ప్రతిని చెరపదు. మొదటిది కాలువ పారుచున్నంతసేపే తడియు మడి. రెండవది చెరువు క్రింది మడి.

ఈ తీరున నడచు యూయూసీపీ అను ఏర్పాటు 1970 తరువాతి దశాబ్దమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో పుట్టినది. 1984లో టామ్ జెన్నింగ్స్ అను నాతడు ఫిడోనెట్టును ఆరంభించెను. ఇండ్లలోని చిన్న కంప్యూటర్లు పగలెల్ల ఉత్తరములను కూడబెట్టి, టెలిఫోను రుసుము తక్కువగా నుండు రాత్రివేళ ఒకదానినొకటి పిలిచి, వానిని మార్చుకొనెడివి. 1990 తరువాత ఆఫ్రికాలోని పలు నగరములకు ఇట్టి ఏర్పాట్లే బయటి ప్రపంచముతో ఉత్తర ప్రత్యుత్తరములకు దారి చూపినవి. లండనులోని గ్రీన్‌నెట్ అను సంస్థ వారికి నడుమ మజిలీగా నుండెను.

మన పొరుగుననే మరియొక దృష్టాంతము కలదు. కర్ణాటకమున దొడ్డబళ్లాపుర తాలూకాలో డాక్‌నెట్ అను ప్రయోగము జరిగెను. దాని వివరములు 2004లో ప్రకటింపబడినవి. ఒక ప్రభుత్వ బస్సులో చిన్న రేడియో యంత్రమును అమర్చిరి. రైతు తన భూమి పత్రము కొరకు గ్రామములోని కంప్యూటరు కేంద్రమున అర్జీ నమోదు చేయించును. బస్సు ఊరిలో ఆగినప్పుడు ఆ యర్జీ తీగె లేకుండ బస్సులోని యంత్రమునకు ఎక్కును. తాలూకా కేంద్రమును చేరినప్పుడు అచ్చట దిగును. తయారైన పత్రము మరల బస్సుపైననే ఊరికి వచ్చును. కేంద్రమువారు దానిని అచ్చుతీసి 15 రూపాయలు పుచ్చుకొనెడివారు. బస్సు దినమునకు మూడుమారులు వచ్చిపోవుచుండుటచే రైతునకు తాలూకా ప్రయాణము తప్పెను. కంబోడియాలోని రతనకిరి రాష్ట్రమున 2003లో ఇదే పనిని మోటారు సైకిళ్లు చేసినవి.

ఈ విద్య పాతదైనను చచ్చినది కాదు. ఆకాశమున తిరుగు అంతర్జాతీయ కేంద్రముతో వార్తలు జరుపుటకు అమెరికా వారి నాసా సంస్థ 2016లో ఈ సూత్రమునే వినియోగమునకు తెచ్చెను. టెలిఫోనుతో పనిలేకుండ రేడియోపై ఉత్తరములు పంపు విన్‌లింక్ అను ఏర్పాటును నేటికిని ఔత్సాహికులు నడుపుచున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకినప్పుడు విశాఖ ప్రాంతమున సెల్లుఫోనులు చాలవరకు మూగవోయిన సంగతి మరువరాదు. ఒకే దారిని నమ్మిన ఊరికి ఆ దారి తెగిననాడు వేరు దిక్కుండదు.

అయితే దీని హద్దులను కూడ ఎరుగవలెను. పాము కరచినవానికి వైద్యుని పిలుచుటకు ఇది పనికిరాదు. ధరల పట్టిక ఈ దారిని వచ్చినచో, దానిపై తేదీయు వేళయు చూడక సరుకు అమ్ముట నష్టహేతువు. వార్త నడుమ మజిలీలలో నిలుచును గావున, లక్కముద్రవేసిన కవరు వలె పరులు చదువ వీలులేకుండ పంపవలెను. అర్జీలు, రసీదులు, లెక్కలు, వ్యవసాయ సలహాలు మొదలగు ఒకపూట ఆలస్యమును ఓర్చు పనులకు మాత్రము ఇది మిక్కిలి యుపయుక్తము.

కావున సంఘములవారు మూడు పనులు చేయవలెనని మా సలహా. మొదటిది, కంప్యూటరుపై నడచు క్రొత్త ఏర్పాటు ఏది వచ్చినను, "సిగ్నలు లేని దినమున ఇది మా నమోదును దాచుకొని, మాకు రసీదు నిచ్చి, పిమ్మట పంపునా?" అని ముందుగా ప్రశ్నింపవలెను. రైతు కూలి పోగొట్టుకొని వరుసలో నిలిచి, వట్టిచేతులతో మరలుట ఈ ప్రశ్న అడుగనందుననే. రెండవది, పనిచేయు పాత యంత్రములను తుక్కునకు అమ్మక, బ్యాటరీతో సహా భద్రపరచి, నెలకొకమారు నడిపి చూడవలెను. మూడవది, ఇద్దరు యువకులకు ఈ పని నేర్పి, దాని విధానమును తెలుగున కాగితముపై వ్రాయించి సంఘ కార్యాలయమున ఉంచవలెను. యంత్రము నిలిచియు, దానిని నడుపువాడు లేకున్నచో ప్రయోజనమేమి?

కాలువ వచ్చినదని చెరువు కట్టను తెగగొట్టు రైతు లేడు. వార్తల విషయమునను ఆ వివేకమే మనకు రక్ష.