రాతి కింద వెలుగు లెక్క

కోలారు బంగారు గనుల గురించి రాసేవాళ్ళు బంగారంతో మొదలుపెట్టి బంగారంతోనే ఆపేస్తారు. ఆ గనుల నుంచి లోకానికి అందిన వాటిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది మాత్రం 1965 ఆగస్టు 15 నాటి ‘ఫిజిక్స్ లెటర్స్’ సంచికలో అచ్చయిన ఒక చిన్న వ్యాసం. మన తల మీది గాలిలో పుట్టిన న్యూట్రినో అనే కణం జాడ దొరికిందని అందులో రాశారు. రాసినవారిలో ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ నుంచి ఎం.జి.కె. మీనన్, బి.వి. శ్రీకంఠన్, వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి, సి.వి. ఆచార్ ఉన్నారు. జపాన్‌లోని ఒసాకా నుంచి మియాకే, హినోతాని, ఇంగ్లండ్‌లోని డరమ్ నుంచి వుల్ఫెండేల్ బృందం వీళ్ళతో కలిశారు. న్యూట్రినోను చూసిన కన్ను ఏ రకందో, అది వెలుగును ఎలా కొలిచిందో, ఆ కన్ను ఇప్పుడు గోరంత సిలికాన్ ముక్కలోకి ఎలా దూరిందో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఆ చోటు గురించి. ములబాగిలు, శ్రీనివాసపురం వైపు పల్లెల్లో చాలా ఇళ్ళలో మాట తెలుగే. గనుల్లోకి దిగినవాళ్ళలో తమిళులతో పాటు చిత్తూరు వైపు నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళూ ఉన్నారు. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ తవ్వించుకుంటూ పోయిన గనులు చివరికి మూడు కిలోమీటర్లు దాటాయి. 1902లో శివసముద్రం జలపాతం దగ్గర తయారైన కరెంటు దాదాపు 147 కిలోమీటర్లు తీగల మీద ప్రయాణించి వచ్చింది ఈ గనుల కోసమే. అప్పటికి ఇంకా ఎన్నో పెద్ద ఊళ్ళు విద్యుద్దీపం మొహం చూడలేదు. అలాంటి గనికి భౌతిక శాస్త్రవేత్తలు వచ్చింది మాత్రం చీకటిని వెతుక్కుంటూ.

వాళ్ళకు కావలసింది మామూలు చీకటి కాదు. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు పైగాలిని ఢీకొన్నప్పుడు మ్యూవాన్లనే కణాలు పుడతాయి. నేల మీద చదరపు మీటరుకు నిమిషానికి సుమారు పది వేల మ్యూవాన్లు పడుతుంటాయి. పెట్టెలో పెట్టి తాళం వేసినా, గోడ కట్టినా అవి ఆగవు. ఆపాలంటే కిలోమీటర్ల మందపు రాయి లాంటిది అడ్డం ఉండాలి. హోమీ భాభా ప్రోత్సాహంతో శ్రీకంఠన్ 1951లోనే ఇక్కడ కొలతలు మొదలుపెట్టారు. 1960ల ఆరంభంలో మియాకే, నరసింహం, రమణమూర్తి ఒక్కో లోతులో పరికరం పెట్టి, కిందికి పోయేకొద్దీ మ్యూవాన్లు ఎలా తగ్గుతాయో లెక్క తీశారు. అన్నిటికన్నా లోతైన చోట రెండు నెలలు ఎదురు చూసినా ఒక్కటీ రాలేదు. ఆ సున్నా నాకు చాలా ఇష్టమైన ఫలితం. మ్యూవాన్ల గోల అణిగిన చోట న్యూట్రినో గొంతు వినవచ్చన్న ధైర్యం దాని నుంచే వచ్చింది.

న్యూట్రినో దేనికీ తగలకుండా భూమిని కూడా దాటిపోతుంది. ఎప్పుడో ఒకసారి రాతిలోని ఒక కేంద్రకాన్ని ఢీకొంటే అక్కడ కొత్త మ్యూవాన్ పుడుతుంది. అది పై నుంచి వచ్చిన మ్యూవాన్ కాదని నమ్మడం ఎలా? దానికి పెట్టిన పరీక్ష చాలా తెలివైనది. పై నుంచి వచ్చేవి నిలువుగా, ఏటవాలుగా దిగుతాయి. అడ్డంగా రావాలంటే ఎన్నో కిలోమీటర్ల రాతిని చీల్చుకు రావాలి, అది ఏ మ్యూవాన్ వల్లా కాదు. కాబట్టి అడ్డంగా వచ్చింది దొరికితే అది దగ్గరి రాతిలో న్యూట్రినో కన్నదే. అందుకే చాంపియన్ రీఫ్ గనిలో, హీత్‌కోట్ షాఫ్ట్ వైపు సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, మెరుపు ప్లాస్టిక్ పలకలను గోడల్లా నిలబెట్టారు. ఒక్కో గోడ రెండు మీటర్లకు మూడు మీటర్లు. ఎదురెదురుగా రెండు గోడలు, నడుమ నియాన్ గొట్టాల వరుసలు.

ఈ ప్లాస్టిక్ సాధారణమైనది కాదు. వేగంగా పోయే కణం దీన్ని దాటినప్పుడు ప్రతి సెంటీమీటరుకు ఇరవై వేల దాకా ఫోటాన్లు నీలి మెరుపుగా వెలువడతాయి. అంతా సెకనులో వంద కోట్లవ వంతులు కొన్ని గడిచేలోపే అయిపోతుంది. ఆ వెలుగులో ఎక్కువ భాగం పలకలోనే ఇంకిపోతుంది, అంచు దాకా చేరేది కొద్ది పాలు. ఆ కొద్దిని పట్టడానికి పెట్టినవే ఫోటోమల్టిప్లయర్ గొట్టాలు.

గొట్టం పనిచేసే తీరు చూడండి. గాజు లోపలి ముఖాన సన్నని లోహపూత ఉంటుంది. ఫోటాన్ దాన్ని తాకితే, నాలుగైదు సార్లకు ఒకసారి, ఒక ఎలక్ట్రాన్ ఊడి బయటపడుతుంది. కాంతి ఎలక్ట్రాన్లను ఊడగొట్టడంలోని మర్మాన్ని 1905లో ఐన్‌స్టీన్ వివరించాడు: వెలుగు ముక్కలు ముక్కలుగా వస్తుంది, ఒక్కో ముక్క ఒక్కో ఎలక్ట్రాన్‌తోనే లెక్క తేల్చుకుంటుంది. ఊడిన ఆ ఒంటరి ఎలక్ట్రాన్‌ను అధిక వోల్టేజి ఒక లోహపు రేకు మీదికి లాగుతుంది. రేకు నుంచి మూడో నాలుగో ఎలక్ట్రాన్లు లేస్తాయి. అవి తర్వాతి రేకు మీద పడతాయి. రేకుకు నాలుగు చొప్పున పది రేకులు దాటేసరికి ఒక్క ఎలక్ట్రాన్ పది లక్షలు దాటుతుంది. అప్పుడు దాన్ని తీగ మీద పల్సుగా చూడవచ్చు.

చిక్కు ఏమిటంటే వెలుగేమీ లేకపోయినా ఈ గొట్టం పల్సులు ఇస్తుంది. పూతలోని వేడికే అప్పుడప్పుడూ ఒక ఎలక్ట్రాన్ ఊడుతుంది, రేకులు దాన్నీ అంతే శ్రద్ధగా పది లక్షలు చేస్తాయి. కణం కోసం రోజుల తరబడి కాచుకునే చోట ఈ దొంగ పల్సులు సెకనుకు వందల్లో, వేలల్లో వస్తుంటే నమ్మేదేది?

మందు ఏకకాల పరీక్ష. ఉదాహరణగా కొన్ని అంకెలు వేసుకుందాం. ఒక్కో గొట్టం సెకనుకు వెయ్యి దొంగ పల్సులు ఇస్తుందనుకోండి. ఒకే పలకను చూసే రెండు గొట్టాలు, సెకనులో కోటి వంతుల్లో ఒక వంతు ఎడంలోపు, కలిసి పలికితేనే లెక్కలోకి తీసుకుందాం. అప్పుడు పొరపాటు జోడీలు అయిదు సెకన్లకు ఒకటికి పడిపోతాయి. ఎదుటి గోడ కూడా అదే క్షణాన పలకాలని పట్టుబడితే పొరపాటు నాలుగేళ్ళకు ఒకటి మిగులుతుంది. నలుగురూ ఒప్పుకున్న క్షణంలో నియాన్ గొట్టాలకు హైవోల్టేజి అందుతుంది, కణం పోయిన దారి పొడుగునా అవి వెలుగుతాయి, కెమెరా ఫోటో తీస్తుంది. దారి అడ్డంగా ఉందా నిలువుగా ఉందా ఫోటో చెబుతుంది.

దక్షిణాఫ్రికాలో ఒక బంగారు గనిలో ఫ్రెడరిక్ రైనెస్ బృందం అదే సమయంలో అదే వెతుకులాటలో ఉంది. వాళ్ళకు మొదటి ఘటన 1965 ఫిబ్రవరిలోనే దొరికింది. వాళ్ళ వ్యాసం ఆగస్టు 30న వచ్చింది, కోలారు వ్యాసం అంతకు రెండు వారాల ముందు. ఎవరు ముందన్న వాదులాట కన్నా, రెండు బంగారు గనులు ఒకే నెలలో ఒకే మాట చెప్పడం నాకు గొప్పగా అనిపిస్తుంది. 1998లో జపాన్‌లోని సూపర్ కమియోకాండే న్యూట్రినోలకు ద్రవ్యరాశి ఉందని తేల్చింది ఇదే జాతి వాతావరణ న్యూట్రినోలతో. అక్కడ యాభై వేల టన్నుల నీటి చుట్టూ ఇరవై అంగుళాల ఫోటోమల్టిప్లయర్లు పదకొండు వేలకు పైగా ఉన్నాయి.

ఇక ఆ కన్ను దూరిన సిలికాన్ ముక్క, ఫోటోడయోడ్. ఇందులో గాజు గొట్టం లేదు, శూన్యం లేదు. దీనికి పూర్వీకుల్లో ఒకరు మనవాడే. జగదీశ్ చంద్ర బోస్ గలీనా స్ఫటికంతో చేసిన డిటెక్టరుకు 1904లో అమెరికా పేటెంటు వచ్చింది. సిలికాన్ కథ 1940లో మొదలవుతుంది. బెల్ ల్యాబ్స్‌లో రస్సెల్ ఓల్ ఒక సిలికాన్ ముక్క మీద దీపం వెలుగు పడితే వోల్టేజి పుట్టడం గమనించాడు. ముక్కలో ఒక వైపు ఒక మలినం, మరో వైపు ఇంకో మలినం, నడుమ సరిహద్దు ఏర్పడి ఉంది. ఆ సరిహద్దులో ఎప్పుడూ ఒక విద్యుత్ క్షేత్రం ఉంటుంది. ఫోటాన్ అక్కడ పడితే ఒక ఎలక్ట్రాన్ తన చోటు వదిలి లేస్తుంది, వెనక ఒక ఖాళీ మిగులుతుంది. క్షేత్రం వాటిని చెరోవైపు లాగేస్తుంది. లాగిందే కరెంటు. సిలికాన్‌లో ఎలక్ట్రాన్ లేవడానికి 1.12 ఎలక్ట్రాన్‌వోల్టులు చాలు. కంటికి కనిపించే రంగులన్నిటికీ అంతకన్నా ఎక్కువ శక్తి ఉంది, 1100 నానోమీటర్లు దాటిన పరారుణ కాంతికి లేదు.

ఇందులో నాకు అందంగా కనిపించేది దీని నిజాయితీ. ఒక ఫోటాన్‌కు గరిష్ఠంగా ఒక ఎలక్ట్రాన్, దాచుకునేది లేదు, కలిపేది లేదు. తరంగదైర్ఘ్యాన్ని నానోమీటర్లలో తీసుకుని 1240తో భాగిస్తే ఒక వాట్ వెలుగుకు ఎన్ని ఆంపియర్లు రాగలవో గరిష్ఠం తెలుస్తుంది. 620 నానోమీటర్ల ఎర్ర కాంతికి అది సరిగ్గా అర ఆంపియర్. వెలుగు రెట్టింపైతే కరెంటు రెట్టింపు. మసక వెన్నెల నుంచి మిట్టమధ్యాహ్నపు ఎండ దాకా ఈ సూటిదనం చెడదు.

ఇంట్లో కొలవాలనుకునేవారు ఒక్క పొరపాటు చేయకూడదు: డయోడ్ మీది వోల్టేజిని నేరుగా మీటరుతో చూసి అదే వెలుగనుకోవడం. ఆ వోల్టేజి వెలుగు పది రెట్లు పెరిగినా కొంచెమే కదులుతుంది. కొలవాల్సింది కరెంటును. ఆప్ యాంప్ అనే యాంప్లిఫయర్ చిప్‌కు ఫీడ్‌బ్యాక్‌గా పది లక్షల ఓముల రెసిస్టర్ పెడితే ఒక్కో మైక్రోఆంపియర్ ఒక్కో వోల్టుగా బయటికి వస్తుంది. రెండో సంగతి, సిలికాన్‌కు మన కంటికి కనిపించని పరారుణం చాలా ఇష్టం. ఫిలమెంటు బల్బు ముందు పెడితే వెలుగు ఉన్నదానికన్నా ఎంతో ఎక్కువ చూపిస్తుంది. కంటికి తెలిసే వెలుగును కొలిచే లక్స్‌లో చెప్పాలంటే పరారుణాన్ని ఆపే ఫిల్టరు తప్పదు.

గొట్టం దొంగ పల్సుల్లాగే దీనికీ చీకట్లో పారే డార్క్ కరెంట్ ఉంది. బీపీడబ్ల్యూ34 అనే సులువుగా దొరికే డయోడ్‌నే చూడండి. పది వోల్టులను తిరగేసి ఇచ్చినప్పుడు, అంటే రివర్స్ బయాస్‌లో, పాతిక డిగ్రీల దగ్గర, పూర్తి చీకట్లో దాదాపు రెండు నానోఆంపియర్లు పారుతుంది. నిండు వెన్నెలకు అదే డయోడ్ ఇచ్చేది సుమారు ఇరవై నానోఆంపియర్లు. డార్క్ కరెంట్ ఇంచుమించు ప్రతి పది డిగ్రీలకూ రెట్టింపవుతుంది. కోలారు గనుల అట్టడుగున రాయి వేడి అరవై డిగ్రీలు దాటేది. 65 డిగ్రీలంటే నాలుగు రెట్టింపులు, పదహారు రెట్లు. చల్లార్చకుండా అక్కడ పెడితే ఈ డయోడ్ కారుచీకట్లో వెన్నెల కన్నా ఎక్కువ వెలుగు ఉందని చెబుతుంది. అందుకే మసక వెలుగు కొలిచేటప్పుడు బయాస్ తీసేసి సున్నా వోల్టుల దగ్గర నడుపుతారు, కప్పేసి ముందు చీకటి కొలత తీసుకుంటారు, దాన్ని అసలు కొలతలోంచి తీసేస్తారు. బయాస్ పెట్టేది వేగం కావాల్సినప్పుడు.

మరి 1965లో గొట్టం బదులు ఫోటోడయోడ్ పెట్టి ఉంటే? పని జరిగేది కాదు. ఒక నానోఆంపియర్ అంటేనే సెకనుకు 600 కోట్లకు పైగా ఎలక్ట్రాన్లు. మ్యూవాన్ మెరుపు అంచు దాకా చేరేసరికి మిగిలేవి కొన్ని వందల ఫోటాన్లు. అన్ని వందల ఎలక్ట్రాన్లే వస్తాయి, యాంప్లిఫయర్ సొంత చప్పుడులో అవి కలిసిపోతాయి. డయోడ్‌కు నిజాయితీ ఉంది, గొంతు లేదు.

గొంతు తర్వాత వచ్చింది. రివర్స్ వోల్టేజిని బాగా పెంచితే లేచిన ఎలక్ట్రాన్ దారిలో మరికొన్నిటిని లేపుతుంది, అవి ఇంకొన్నిటిని, సిలికాన్ లోపలే ఒక హిమపాతం. వెంట్రుకంత వెడల్పున్న అలాంటి డయోడ్లను వేల సంఖ్యలో ఒక చిన్న ముక్క మీద పేర్చి సిలికాన్ ఫోటోమల్టిప్లయర్ చేశారు. ఒక్క ఫోటాన్‌కు లక్షల ఎలక్ట్రాన్లు ఇస్తుంది, గొట్టానికి వెయ్యి వోల్టులకు పైగా కావాల్సిన చోట దీనికి యాభై వోల్టుల లోపో, కాస్త పైనో చాలు. చీకట్లో మాత్రం గొట్టం కన్నా ఎన్నో రెట్లు వాగుతుంది, చదరపు మిల్లీమీటరుకు సెకనుకు పదుల వేల దొంగ పల్సులు. దీనికీ మందు కోలారులో వాడినదే, ఇద్దరు ముగ్గురు ఒకే క్షణాన పలికితేనే నమ్మడం.

కోలారు గనుల్లో 1980లో ప్రోటాన్ క్షీణత, అంటే ప్రోటాన్ తనంతట తాను విడిపోతుందా అన్నది, చూడడం కోసం 140 టన్నుల పరికరం పెట్టారు. 1992కల్లా ప్రయోగాలన్నీ ముగిశాయి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. మూత తర్వాత ఉపాధి పోయిన వేల కుటుంబాల బాధ ముందు ప్రయోగశాల పోవడం చిన్న విషయమే. కానీ ప్రపంచంలో అంత లోతున, అంతకాలం నడిచిన చోటును భద్రపరచుకోలేకపోవడం నాకు నేటికీ కష్టంగానే ఉంటుంది.

ఆ పని వారసులు ఇప్పుడు మదురైలో ఉన్నారు. టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు అక్కడ 85 టన్నుల చిన్న ఇనుప డిటెక్టరు చుట్టూ మెరుపు ప్లాస్టిక్ పట్టీలు అమరుస్తున్నారు. పట్టీల లోపలి ఫైబర్ల కొసల్లో సిలికాన్ ఫోటోమల్టిప్లయర్లు ఉంటాయి. బయటి నుంచి వచ్చే ప్రతి మ్యూవాన్‌ను గుర్తుపట్టి లెక్క నుంచి తీసేయడం వాటి పని, పదివేలల్లో ఒక్కటి మించి తప్పించుకోకూడదన్నది లక్ష్యం. అది సాధిస్తే న్యూట్రినో డిటెక్టరుకు కిలోమీటరు మందపు కొండ అక్కర్లేదు, వంద మీటర్ల రాయి కింద పెట్టినా సరిపోవచ్చని వాళ్ళ అంచనా.