స్తనవ్యాధి – సిగ్గు విడువవలసిన చోటు

ఆలయమునకు వచ్చు తల్లులు ఇంటిల్లిపాది క్షేమమును కోరి మ్రొక్కుదురు. తమ దేహమందలి బాధను మాత్రము సిగ్గుచేత దాచుకొందురు. రొమ్ము క్యాన్సరు గడ్డకు తొలుత నొప్పి ఉండకపోవచ్చును. నొప్పి లేదుగదా యని ఉపేక్షించుటయే ప్రమాదము.

ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు 1998లో ఒక మహాపరిశీలన ఆరంభించిరి. మురికివాడలలో నివసించు, 35 మొదలు 64 ఏండ్ల వయసుగల 1,51,538 మంది స్త్రీలను రెండు వర్గములు చేసిరి. ఒక వర్గమువారిని, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త్రులు రెండేండ్లకొకసారి చేతితోనే పరీక్షించిరి, యంత్రమేదియు వాడలేదు. 2021లో ఫలితములు వెలువడినవి. పరీక్ష పొందిన వర్గమున వ్యాధి, రెండవ వర్గముకంటె ముందటి దశలో బయటపడుట ఎక్కువాయెను. ఏబది యేండ్లు, ఆపై వయసువారిలో ఈ వ్యాధి మరణములు సుమారు 30 శాతము తగ్గెను. అంతకు చిన్నవారిలో అట్టి తగ్గుదల కానరాలేదు.

వయసు, తల్లికో తోబుట్టువుకో ఈ వ్యాధి వచ్చియుండుట, స్థూలకాయము, మద్యపానము ముప్పును పెంచును. బిడ్డకు చనుబాలిచ్చుట తగ్గించును. ఇది అంటువ్యాధి కాదు. పాపఫలమని రోగిని నిందించుట అధర్మము.

గడ్డ, చర్మమున సొట్ట, చనుమొన లోనికి పోవుట, రక్తస్రావము కనబడినచో వెంటనే వైద్యుని చూడవలయును. గడ్డ చిన్నదిగానున్నపుడు రొమ్మును నిలుపుకొనుచునే శస్త్రచికిత్స చేయుటకు తరచుగా వీలగును.

దైవమునకు మ్రొక్కుడు, వైద్యునికి చూపుడు. దాతలారా! ఒక పేదతల్లి ఆసుపత్రికి పోయివచ్చు దారిఖర్చు భరించుటయు మహాదానమే.