భుజం వెనుక భాగం – ఇంట్లోవారే చూడాలి

చెరుకు కోతల కాలంలో జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల నుండి భుజం నొప్పి అంటూ మా ఓ.పి.కి ఎంతోమంది వస్తుంటారు. భుజం వెనుక వైపు ఎవరికి వారికి అద్దంలో కూడా సరిగ్గా కనబడదు. కాబట్టి ఇంట్లో ఒకరి వీపు ఒకరు చూడండని చెబుతున్నాము.

చేతులు వేలాడవేసి, వీపు మీ వైపు తిప్పి నిలబడమనండి. వీపు పైభాగాన రెండువైపులా మూడు మూలల పలకల్లాంటి ఎముకలు కనబడతాయి. ఇవే రెక్క ఎముకలు. తడిమితే పైన అడ్డంగా ఒక గట్టు తగులుతుంది. గట్టు వెంబడి వేలిని బయటికి జరిపితే భుజం కొన వస్తుంది. దండకు సూది ఇచ్చే ముందు మేము వెతికేది ఈ కొననే. దాని కింద రెండు మూడు వేళ్ళ వెడల్పు వదిలి ఇస్తాము. మరీ పైన ఇస్తే కీలుకు తగలవచ్చు. రెక్క కింది మొన 7వ పక్కటెముక దగ్గర ఉంటుంది. డాక్టరు గారు వీపు మీద స్టెతస్కోపు పెట్టి, చేతులు ముందుకు కట్టుకోమంటారు కదా, అది ఈ రెక్కలు పక్కకు జరగడానికే. సిగ్గుపడి సగమే కట్టుకునే అక్కలతో మాకు రోజూ తంటాయే!

ఎదిగే పిల్లల్లో ఒక రెక్క ఎత్తుగా కనబడితే వెన్ను వంకర ఉందేమో చూపించండి. గోడను రెండు చేతులతో నెట్టినప్పుడు ఒక రెక్క మాత్రం బయటికి లేస్తే, అక్కడి కండరానికి పోయే నరం బలహీనపడి ఉండవచ్చు.

చర్మం కూడా చూడండి. భుజం నొప్పితో వచ్చిన ఒక తల్లికి రెక్క మీద రూపాయి బిళ్ళంత పాలిపోయిన మచ్చ కనబడింది. ఇంట్లోవాళ్ళు శోభి అనుకొని ఊరుకున్నారట. దూదితో తాకితే ఆమెకు తెలియలేదు. అది కుష్ఠు వ్యాధి. ఆ మాట వినగానే ఆమె ముఖం కొంగుతో కప్పుకొని ఏడ్చింది. ఈ జబ్బుకు మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. రకాన్ని బట్టి 6 నెలలు గాని, 12 నెలలు గాని వాడాలి. మందు మొదలుపెట్టాక ఇతరులకు అంటుకునే భయం త్వరలోనే పోతుంది. విడిగా కంచం, విడిగా పడక అక్కరలేదు. ఆలస్యం చేస్తేనే నరాలు దెబ్బతిని చేతులు, కాళ్ళు వంకరపోతాయి.

ఇంట్లో అందరినీ పిలిపించి వీపులు చూశాము. అత్తగారు మాత్రం రెండోసారి కబురు పెడితే గాని రాలేదు.